యాసంగి నీళ్ల తేదీ దీపావళికే చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

మాది కరీంనగర్ జిల్లాలో కాలువ చివరి ఊరు. పోయిన యాసంగిలో మా రెండు పొలాల్లోనూ తెలంగాణ సోనా అనే సన్నరకం వరే వేశాం. బావి కింది ఎకరంన్నరకు నవంబరు మూడో వారంలో నారు పోశాం. కాలువ కింది రెండెకరాలకు నీళ్లు వస్తాయో రావో, వస్తే ఎప్పుడొస్తాయో తేలక డిసెంబరు ఆఖరుదాకా ఆగాం. తిండికి ఉంచుకున్న వడ్లు రెండు చోట్లవీ ఊళ్లోని గిర్నీలో ఒకేరోజు పట్టించాం. బావి కింది వడ్లకు గింజ నిలిచింది. కాలువ కిందివి దాదాపు సగం నూకలే. మా అమ్మ ఆ బియ్యం దోసిట్లోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూపించింది. గింజ కడుపులో సుద్దలా తెల్లటి మచ్చ.

ఆ మచ్చ ఎండ వల్ల పడింది. వరి పూత విచ్చుకునే వేళ వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి పనికిరాకుండా పోయి తాలు పడుతుంది. పాలు పోసుకునేటప్పుడు పగలూ రాత్రీ వేడి తగ్గకపోతే పిండి గట్టిగా పేరుకోదు, గింజలో గాలి సందులు మిగులుతాయి. మరలో పడగానే గింజ ఆ సందుల దగ్గరే విరుగుతుంది. దిగుబడీ తగ్గుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల్లో ఏళ్ల తరబడి రాసిపెట్టిన లెక్కలు చూసి, రాత్రి ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే వేసవి పంట 10 శాతం తగ్గుతోందని శాస్త్రవేత్తలు 2004లోనే చెప్పారు. నవంబరు 20కి పోసిన నారు ఫిబ్రవరి ఆఖరుకు పూతకొస్తుంది. డిసెంబరు ఆఖరున పోసింది ఏప్రిల్ ఎండల్లో పాలు పోసుకుంటుంది. పైగా వడగళ్ల భయం. 2023 ఏప్రిల్, మే నెలల్లో కల్లాల్లో తడిసి మొలకెత్తిన వడ్లను ఎవరు మరిచిపోతారు?

ఇది రైతు జేబుకే పరిమితమైన బాధ కాదు. 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు, సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ పెట్టారు. మంచి పని. కానీ సన్నగింజ ఎండకు ఇంకా తొందరగా విరుగుతుంది. నూకలైన బియ్యం కడిగితే బి విటమిన్లు ఎక్కువగా నీళ్లలో కొట్టుకుపోతాయి. సుద్దగింజ అన్నం ముద్దవుతుంది. ఉప్పుడు బియ్యం చేస్తే గింజ అంతగా విరగదు, తవుడులోని విటమిన్లు కొంత లోపలికి దిగుతాయి కూడా. కానీ మన ఇళ్లలో అది తినే అలవాటు లేదు, కేంద్రం ఇక తీసుకోనన్నాక 2021, 22ల్లో ఎంత గొడవైందో అందరికీ తెలుసు.

ముందుగా పోస్తే చలికి నారు ఎదగదని చాలామంది అంటారు. నేను చూసినంతలో చలికి ఎక్కువ దెబ్బతినేది డిసెంబరు ఆఖరున పోసిన నారే. నవంబరులో పోసింది అప్పటికే నిలదొక్కుకుంటుంది. రాత్రిళ్లు పాలిథిన్ పట్టా కప్పి, పొద్దున్నే మడిలోని చల్లనీళ్లు తీసేసి బావి నీళ్లు పెడితే సరిపోతుంది. అసలు ఇబ్బంది చలి కాదు, నీళ్ల కబురు. దానికి తోడు వానాకాలం వడ్లు కొనుగోలు కేంద్రంలో రోజుల తరబడి ఉండిపోతే చేతిలో పైసలుండవు. దున్నకానికి ఎక్కడినుంచి తెస్తాం?

అందుకే మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను. చెరువుల్లో, ప్రాజెక్టుల్లో ఎంత నీరుందో అక్టోబరుకే తెలిసిపోతుంది. యాసంగికి ఏ కాలువకు ఏ తేదీన నీళ్లు వదులుతారో, ఎన్ని తడులు ఇస్తారో దీపావళికల్లా ఊరూరా చాటింపు వేయించండి. చివరి ఊళ్లకు ఇవ్వలేమనుకుంటే ఆ మాటైనా అప్పుడే చెప్పండి. మక్కో, శనగో వేసుకుంటాం. డిసెంబరులో చెబితే శనగకూ అదును దాటిపోతుంది.

ఇట్లు,
ఒక వరి రైతు, కరీంనగర్ జిల్లా