స్టెంటు ధర సరే, కాథెటర్ సంగతేంటి?

సంపాదకులకు నమస్కారం.

గుండె స్టెంట్ల (ధమని మూసుకుపోకుండా లోపల పెట్టే చిన్న జాలీ గొట్టాల) ధరల మీద మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను, బాగుంది. కానీ ఈ విషయం మీద ఎవరు రాసినా స్టెంటు దగ్గరే ఆగిపోతున్నారు, మీరూ అక్కడే ఆగారు. కాథ్ ల్యాబ్‌లో, అంటే యాంజియోలు చేసే గదిలో, టెక్నీషియన్‌గా చేసి రిటైరైన వాడిని కాబట్టి చెప్తున్నా, యాంజియోగ్రామ్ చేయించుకున్న ప్రతివాళ్లకీ స్టెంటు పడదు. కాథెటర్ మాత్రం అందరికీ పడుతుంది. దాని గురించి బిల్లులో ఏం రాస్తారో ఎప్పుడైనా చూశారా? చాలాచోట్ల 'కన్స్యూమబుల్స్' (వాడి పారేసే సామాను) అని ఒకే ఒక్క లైను, దాని పక్కన పెద్ద అంకె.

తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్తాను. మణికట్టు దగ్గరో తొడ మొదట్లోనో ధమనిలో చిన్న షీత్ (దారి గొట్టం) పెట్టి, అందులోంచి వైరు పంపి, ఆ వైరు మీదుగా మీటరు పొడవున్న సన్నటి గొట్టాన్ని గుండె దాకా తీసుకెళ్తారు. అదే కాథెటర్. సైజు ఫ్రెంచ్‌లలో చెప్తారు, 6 ఫ్రెంచ్ అంటే 2 మిల్లీమీటర్ల లావు. దాని చివర వంపు ఫ్యాక్టరీ నుంచే తయారై వస్తుంది, గుండె ఎడమ ధమనికి ఒకటి, కుడి ధమనికి ఇంకొకటి. టేబుల్ దగ్గర డాక్టర్లు 'జేఎల్ ఇవ్వు, జేఆర్ ఇవ్వు' అని అడిగేవి అవే, 1960ల్లో ఆ వంపులు కనిపెట్టిన అమెరికా డాక్టర్ మెల్విన్ జడ్కిన్స్ పేరు మీద (జే అంటే జడ్కిన్స్, ఎల్ ఎడమకి, ఆర్ కుడికి). (ఇప్పుడు మణికట్టు నుంచి చేసేటప్పుడు రెండు పక్కలకీ ఒక్క టైగర్ కాథెటర్‌తోనే కానిచ్చేస్తున్నారు, ఖర్చూ తగ్గుతుంది, టైమూ కలిసొస్తుంది.) గొట్టం ధమని మూతికి ఆనాక డై పంపి ఎక్స్‌రేలో సినిమా తీస్తారు. అంతే యాంజియో.

ఇక డబ్బుల సంగతి. ఢిల్లీ హైకోర్టులో ఒక లాయరు పట్టుబట్టి నడిపిన కేసు పుణ్యమా అని స్టెంట్లు అత్యవసర మందుల జాబితాలోకి వచ్చాయి, 2017 ఫిబ్రవరిలో ధరల నియంత్రణ సంస్థ మందు పూత స్టెంటుకు 29,600 రూపాయలు, మామూలు స్టెంటుకు 7,260 అని గరిష్ఠ ధర కట్టింది. అంతకుముందు లక్ష దాటి వేసిన చోట్లున్నాయి. అప్పుడే ఇంకో మంచి పని కూడా చేశారు, స్టెంటు ధర, బ్రాండు, కంపెనీ, బ్యాచ్ నంబరు బిల్లులో విడిగా రాసి తీరాలన్నారు. నన్నడిగితే ధర తగ్గించడం కన్నా ఇదే పెద్ద పని. కాథెటర్లకూ వైర్లకూ, ఇరుకైన చోట ఉబ్బించి తెరిచే బెలూన్లకూ అలాంటి గరిష్ఠ ధర కట్టలేదు. ఎమ్మార్పీ ఏడాదికి పది శాతం కన్నా పెంచకూడదన్న నిబంధన ఒక్కటే ఉంది. కానీ మొదట వేసిన ఎమ్మార్పీయే ఆకాశంలో ఉంటే ఆ పది శాతం మనకెందుకు?

రెండో సంగతి ఎవరూ పైకి మాట్లాడరు. కాథెటర్ ప్యాకెట్ మీద 2 అంకె వేసి దాన్ని కొట్టేసిన గుర్తు ఉంటుంది, మళ్లీ వాడొద్దని దానర్థం. అయినా కడిగి, క్రిములు చచ్చేందుకు ఈటీఓ అనే గ్యాస్‌లో పెట్టి ఇంకొకరికి వాడే అలవాటు మన దేశంలో ఉంది, ఈ ఫీల్డులో ఉన్నవాళ్లకి ఇదేం కొత్త కాదు. అంత సన్నటి గొట్టం లోపల అంటుకున్న రక్తం పూర్తిగా పోయిందని కంటితో చూసి చెప్పలేం, వాడేకొద్దీ చివర పట్టు కూడా తగ్గుతుంది. బడ్జెట్ లేక అల్లాడే సర్కారు ఆసుపత్రిలో పేదవాడికి పరీక్ష అసలు జరగకపోవడం కన్నా ఇది నయం అనే వాళ్లతో నేను కొట్లాడను. కానీ ఒకసారి వాడినది పెట్టి కొత్తదాని డబ్బు తీసుకుంటే దాన్ని దోపిడీ అనే అంటారు. పేషెంటుకి ఆ సంగతి తెలిసే దారే లేదు.

ఇప్పుడు ఐవస్, ఓసీటీ అని ఇంకో రకం కాథెటర్లొచ్చాయి, ఇవి రక్తనాళం లోపలికెళ్లి ఫొటో తీస్తాయి. మామూలు యాంజియోలో కాలువలో నీళ్లు ఎక్కడ సన్నబడ్డాయో కనిపిస్తుంది గానీ గట్టు లోపల ఏముందో కనపడదు. ఐవస్ అల్ట్రాసౌండ్‌తో, ఓసీటీ కాంతితో ఆ గోడనే చూపిస్తాయి, కాల్షియం ఎంత ఉంది, ఏ సైజు స్టెంటు పడుతుంది, వేసిన స్టెంటు గోడకి సరిగ్గా ఆనిందా లేదా అన్నీ తెలుస్తాయి. ఎడమ ప్రధాన ధమనిలో అడ్డంకి ఉన్నవాళ్లకీ, పొడవాటి బ్లాకులున్న వాళ్లకీ ఇవి వాడాల్సిందేనని యూరప్ గుండె వైద్యుల సంఘం 2024లో గట్టిగా సిఫార్సు చేసింది. కాబట్టి డాక్టరు ఐవస్ అనగానే డబ్బుల కోసమే అనుకోవద్దు, నిజంగా అవసరమైన కేసులు చాలా ఉంటాయి. నా బాధల్లా అడిగే తీరు గురించే. పేషెంటు టేబుల్ మీద ఉంటాడు, బయటికొచ్చి భార్యనో కొడుకునో పిలిచి 'ఇంకో కాథెటర్ వాడాలి, ఇంత అవుతుంది, సంతకం పెట్టండి' అంటారు. ఆ టెన్షన్‌లో ఎవరైనా ఏం అడగగలరు, ఎందుకు వద్దనగలరు? ఎమర్జెన్సీ అయితే సరే, ముందే డేట్ ఇచ్చి చేసే కేసుల్లో ఈ మాట, దాని రేటుతో సహా, అడ్మిషన్ రోజే చెప్పడానికి అడ్డేముంది?

రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలనీ అడుగుతున్నాను. ప్రతి కాథెటర్ ప్యాకెట్‌తో లాట్ నంబరున్న స్టిక్కరు వస్తుంది, ఒలిచి అంటించడానికి అర నిమిషం పట్టదు. దాన్ని కేస్ షీట్‌తో పాటు పేషెంటుకిచ్చే డిశ్చార్జ్ కాగితాల మీద కూడా అంటించమనండి, యాంజియో సీడీ అడగకుండానే చేతికివ్వమనండి. ఆరోగ్యశ్రీలో గానీ ఎన్టీఆర్ వైద్య సేవలో గానీ ఐవస్, ఓసీటీ ఏ కేసులకు వర్తిస్తాయో, వేటికి చేతి డబ్బు పెట్టుకోవాలో ఆసుపత్రి కౌంటర్ దగ్గర తెలుగులో బోర్డు పెట్టించండి. మీ విలేకరులు కూడా ఈసారి ఆసుపత్రికెళ్లినప్పుడు స్టెంటు రేటుతో పాటు ఆ 'కన్స్యూమబుల్స్' లైను విడగొట్టి చూపించమని అడగండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కాథ్ ల్యాబ్ టెక్నీషియన్,
విజయవాడ