మొదటి రైఫిల్ కొనే కుర్రాళ్లకు దారి చూపండి

షూటింగ్ పోటీల కోసం లైసెన్సుతో మొదటి రైఫిల్ కొనుక్కోవాలనుకునే వరంగల్ యువతకు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే దిక్కే లేదు. మా అక్క కొడుక్కి 22 ఏళ్లు. పాయింట్ టూ టూ (సన్న తూటా) బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే ప్రతి తూటాకూ చేత్తో బోల్ట్ లాగాల్సిన రైఫిల్ కోసం దరఖాస్తు పెడదామంటే నేనూ వెంట వెళ్లాను. ఒక ఆఫీసుకు మూడుసార్లు తిరిగితే మూడు రకాల కాగితాలు అడిగారు. ప్లాస్టిక్ కవర్లోని జిరాక్సుల అంచులు నలిగిపోయాయి గానీ రసీదు మాత్రం చేతికి రాలేదు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం పోలీసు నివేదిక అందిన 60 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. నాకు అంతకన్నా టెన్షన్ పెట్టింది శిక్షణ సంగతి. పిల్లాడు అంతా ఫోన్లో చూసే నేర్చుకున్నాడు. బోల్ట్ వెనక్కి లాగి, తూటా కూర్చునే ఛాంబర్‌లో తూటా లేదని కంటితో, వేలితో చూసుకోవాలని పక్కన నిలబడి చూపించినవాళ్లు ఒక్కరూ లేరు. తుపాకీ అనగానే మన ప్రాంతంలో పెద్దవాళ్లు ఎందుకు ఉలిక్కిపడతారో నాకు తెలుసు, ఆ రోజులు నేనూ చూశాను. అందుకే ఇదంతా రాతపూర్వకంగా, అందరి కళ్ల ముందు జరగాలంటున్నాను. కావాల్సిన కాగితాల జాబితా తెలుగులో బోర్డు మీద పెట్టాలి, దరఖాస్తు తీసుకున్న రోజే తేదీ వేసి రసీదు ఇవ్వాలి. హనుమకొండలో అందరికీ అందుబాటులో ఉండేలా 50 మీటర్ల షూటింగ్ రేంజ్ కట్టి, అర్హత ఉన్న శిక్షకుణ్ణి నియమించాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన దేశపు రైఫిల్ షూటర్ స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచింది ఆ దూరంలోనే.

– ఒక పాఠకుడు, హనుమకొండ