ఆ తిరుగుడును తిరిగినవాళ్లనే ఆడనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలోని మా గజపతి జిల్లాకు సంక్షేమ పథకాల ప్రచార కళాజాతాలు వస్తూనే ఉంటాయి. డప్పు మోగుతుంది, చివరి రంగంలో ముసలమ్మ చేతికి డబ్బు అందుతుంది. దరఖాస్తు ఇచ్చిన నాటి నుంచి ఆ డబ్బు అందేదాకా ఆమె తిరిగిన తిరుగుడు మాత్రం ఏ ఆటలోనూ కనబడదు. ఆ భాగాన్ని తిరిగినవాళ్లే ఆడాలన్నది నా మనవి.

పోయిన సంక్రాంతికి పర్లాకిమిడిలో మా వీధి ఆడవాళ్లు కొందరు రామమందిరం అరుగు మీద తమ పింఛను కథ ఆడారు. జీడిపిక్కలు ఒలిచి బతికే ఒకామె, ఊళ్లో బ్యాంకు తరఫున డబ్బు చెల్లించే బ్యాంకు మిత్ర ముందు, వేలిముద్ర యంత్రం మీద వేలు పెడుతుంది. జీడి చమురుకు చర్మం ఊడి, గీతలు చెరిగిపోయిన వేలది. కొంగుకు తుడిచి పెడుతుంది, తడిచేసి పెడుతుంది. నెత్తిన పళ్లెం బోర్లించుకుని యంత్రం వేషం కట్టినామె ప్రతిసారీ "కాలేదు" అంటుంది. మూడోసారికి అందరూ నవ్వారు, అయిదోసారికి ఎవరూ నవ్వలేదు. తర్వాతది పేరు గొడవ. తెలుగువాళ్లం ముందు రాసే ఇంటిపేరు ఒడియా పద్ధతిలో చివరకు పోతుంది కనుక, ఆధార్‌లో ఒక రకంగా, పాసుపుస్తకంలో మరో రకంగా పడి, ఒక్క మనిషే కాగితాల మీద ఇద్దరవుతుంది. గుమాస్తా పాత్రధారిణి "మీ ఇద్దరిలో పింఛను ఎవరికమ్మా?" అని అడిగింది. ఆ మాట ఆమెకు ఎవరూ రాసివ్వలేదు.

చూస్తున్న కుర్రాడొకడు "రసీదు అడగవేం పెద్దమ్మా?" అని ఆటను ఆపి, తానే ఆమె స్థానంలో నిలబడి అడిగాడు. రసీదు ఇవ్వకుండా ఉండటానికి ఎన్ని సాకులుంటాయో గుమాస్తా అన్నీ వినిపించింది. వాటికి జవాబులు జనంలోంచే వచ్చాయి. ప్రేక్షకుడు ఇలా ఆటలోకి దిగే పద్ధతిని నాటకరంగంలో నిలబెట్టినవాడు బ్రెజిల్‌కు చెందిన ఆగస్టో బోల్. ఆయన 1993 నుంచి 1996 వరకు రియో డి జనీరో నగర పాలకసభలో సభ్యుడిగా ఉండి, ఇటువంటి ఆటల్లో తేలిన సూచనలను చట్టాలుగా చేయించాడు. పశ్చిమ బెంగాల్‌లో 1985లో మొదలైన 'జన సంస్కృతి' అనే నాటక బృందం కూడా తర్వాత ఈ పద్ధతినే చేపట్టి పల్లెల్లో నాటకాలాడుతోంది.

వృద్ధులకు, వితంతువులకు, వికలాంగులకు ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛనుకు తోడు, 2024 సెప్టెంబరులో మొదలైన సుభద్ర పథకం కింద 21 నుంచి 60 ఏళ్ల స్త్రీలకు ఏడాదికి 10,000 రూపాయలు రెండు విడతలుగా ఆధార్‌తో ముడిపడిన ఖాతాలోనే పడుతున్నాయి కాబట్టి, పేరు తేడాల బాధ ఇక ముసలివాళ్లకే పరిమితం కాదు. అందుచేత ఫిర్యాదుల విచారణ రోజున ఒక గంట ఇటువంటి ఆటకు కేటాయించాలని, దానిని తెలుగులోనే ఆడనిచ్చి అధికారులకు ఒడియాలో చెప్పే మనిషిని పెట్టాలని, అక్కడ లేచిన ప్రశ్నలకు తదుపరి విచారణలో రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాను. ఆడేవాళ్లకు ఆనాటి కూలి ఇవ్వాలి. ఇష్టం లేనివారి చేత వారి కష్టాన్ని ఆడించకూడదు. వారి ఫొటోలు ప్రచార ఫ్లెక్సీలకు ఎక్కించడం అసలే కూడదు. (చప్పట్లు కొట్టి దస్త్రం పక్కన పెట్టే అధికారులూ ఉంటారని నాకు తెలియకపోలేదు.)

యంత్రం మీద వేలు పెట్టినామె పింఛను ఇంకా తెమలలేదు. వచ్చే విచారణకు వెళ్తానంటోంది, పళ్లెం కూడా పట్టుకుని.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా