స్పితి దారికి ఏ టైర్లు?

చిన్నీకి నాన్న ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన మడ్ టైరు ఫోటో చూశాను. బాగానే ఉంది, నీ మహీంద్రా థార్ జీపుకు వేస్తే నలుగురూ తిరిగి చూస్తారు. కానీ నువ్వు వెళ్తున్నది హిమాచల్ కొండల్లోని స్పితి లోయకు. అక్కడ బురద కంటే రాయి ఎక్కువ. ఫోన్‌లో చెప్పబోతే నీకు మీటింగ్ టైమయింది. అందుకే కాగితం మీద పెడుతున్నా, తీరిగ్గా చదువు.

టైరు కొనేటప్పుడు అందరూ చూసేది నేలకు ఆనే భాగాన్ని, అంటే ట్రెడ్‌ను. రాళ్ల దారిలో టైరు చచ్చేది మాత్రం పక్క నుంచి. నేను క్వారీలో టైర్ల పని చూసినన్నాళ్లూ షెడ్డు మూలకు చేరిన వాటిలో ట్రెడ్ అరిగినవి తక్కువ, సైడ్ కట్ పడి పోయినవే ఎక్కువ. నాపరాయి పలక అంచు ఎలా కోస్తుందో బేతంచెర్లలో పుట్టినదానివి, నీకు చెప్పక్కర్లేదు.

కారణం టైరు లోపల ఉంది. మీ కార్లకు వచ్చే రేడియల్ టైర్లలో ట్రెడ్ కింద ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి. పక్కకు వచ్చేసరికి ఆ ఉక్కు ఉండదు. ఈ అంచు నుంచి ఆ అంచుకు అడ్డంగా సాగే పాలిస్టర్ దారాల పొరలు, వాటి మీద రబ్బరు, అంతే. పక్క భాగం వంగితేనే బండి మెత్తగా నడుస్తుంది కాబట్టి అక్కడ పలచగానే పెడతారు. ట్రెడ్‌లో మేకు దిగితే ప్లగ్ పెట్టుకుని పోవచ్చు. పక్కన దారాలు తెగితే ఇక మరమ్మతు లేదు. దారిలో ఎవరైనా లోపల గేటరు (దళసరి అతుకు) వేసి ఇస్తామంటే, దగ్గర ఊరు చేరేదాకా నెమ్మదిగా నడపడానికే అది. దాంతో హైవే ఎక్కొద్దు. దెబ్బ తగిలాక పక్కన చిన్న బుడగలా ఉబ్బు కనిపించినా అంతే, లోపల దారాలు తెగినట్టే లెక్క.

అందుకని షాపులో ముందు టైరు పక్క చదువు. చాలా టైర్ల మీద చిన్న అక్షరాల్లో ట్రెడ్‌లో ఏముందో, సైడ్‌వాల్‌లో, అంటే పక్క భాగంలో, ఏముందో విడిగా రాసి ఉంటుంది. సైడ్‌వాల్ దగ్గర 2 పాలిస్టర్ అని ఉంటే మామూలు టైరు. 3 పాలిస్టర్ అని ఉంటే రాళ్ల కోసం ఆలోచించి చేసినది. పొరల లెక్కే సర్వస్వం కాదులే, దారం మందం, పైన రబ్బరు మందం కూడా చూడాలి. బీఎఫ్ గుడ్రిచ్ వాళ్ల కేఓ2లో ట్రెడ్ భుజం దగ్గర రబ్బరును పక్కకు దించి మందం చేశారు. గుడ్‌ఇయర్ వాళ్లు ఎంటీ/ఆర్ అనే టైరు పక్కల్లో కెవ్లార్ అనే గట్టి దారం వాడారు. సేల్స్ కుర్రాడు "మేడమ్, టెన్ ప్లై" (పది పొరలు) అంటే లోపల నిజంగా పది పొరలున్నాయని అనుకోకు. అది నూలు దారాలతో టైర్లు చేసిన రోజుల నుంచి వచ్చిన బలం లెక్క.

సైజుకు ముందు ఎల్‌టీ అని ఉంటే లైట్ ట్రక్ టైరు, లోపలి కట్టుడు గట్టిది. దాంట్లో మళ్లీ సీ, డీ, ఈ అని లోడ్ రేంజులుంటాయి. సీ అంటే 6 ప్లై బలం, డీ అంటే 8, ఈ అంటే 10. ఈ కొనేస్తే నిశ్చింత అనుకోవద్దు. నీ బండి ఖాళీ బరువు రెండు టన్నులు కూడా ఉండదు. అంత బిర్రు టైరు వేస్తే అది రాయి మీద వంగదు, నీ నడుమే వంగుతుంది. సీ దొరికితే చాలు. ఎల్‌టీ టైరుకు అదే బరువు మోయడానికి గాలి కాస్త ఎక్కువ కావాలి కాబట్టి డోరు దగ్గర స్టిక్కర్ మీదున్న అంకెను గుడ్డిగా పట్టుకోకు, బిగించేవాణ్ణి అడుగు.

ఇప్పుడు సైజు. నీ థార్‌కు వచ్చినవి 255/65 ఆర్18. అంటే వెడల్పు 255 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో 65 శాతం, అంటే 166 మిల్లీమీటర్లు, రిమ్ము 18 అంగుళాలు. అదే థార్ ఇంకో రకానికి కంపెనీ వాళ్లు 245/75 ఆర్16 ఇచ్చారు. దాని పక్క ఎత్తు 184. చక్రం మొత్తం ఎత్తులో తేడా 15 మిల్లీమీటర్లే, రాయికీ రిమ్ముకీ మధ్య మాత్రం దాదాపు రెండు సెంటీమీటర్ల రబ్బరు అదనంగా దొరుకుతుంది. పైగా ఆ 16 సైజులో ఎల్‌టీ టైర్లు చాలా కంపెనీలు చేస్తాయి. నన్నడిగితే మడ్ టైర్ల మీద పెట్టే డబ్బు 16 రిమ్ముల మీద పెట్టు. బ్రేకుకు తగలకుండా కూర్చుంటుందో లేదో ముందు ఒక చక్రం బిగించి తిప్పి చూపించమను. అంతకంటే పెద్ద సైజులు వద్దు. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ఒరుసుకుంటాయి, స్పీడోమీటరు కూడా ఉన్న వేగం కంటే తక్కువ చూపిస్తుంది.

మడ్ టైర్లకు పక్కలు గట్టిగా ఉంటాయన్న నీ మాట నిజమే. చాలావాటికి మూడు పొరలుంటాయి కూడా. కానీ బెంగళూరు నుంచి కొండలు ఎక్కేదాకా రెండు వేల కిలోమీటర్లకు పైగా తారు రోడ్డు తల్లీ, మళ్లీ తిరుగు ప్రయాణం అంతే. ఆ మోత వింటూ, వాన పడితే బ్రేకు ఆలస్యంగా పడుతుంటే, మైలేజీ తగ్గుతుంటే, ఎందుకు? పక్కలు గట్టిగా ఉన్న ఆల్ టెర్రైన్ టైరు తీసుకో, అది తారుకూ రాళ్లకూ రెంటికీ పనికొచ్చే రకం. స్పితిలోని కాజా ఊరి వరకు, అక్కణ్ణుంచి కుంజుమ్ కనుమ మీదుగా బాతల్ దిగి గ్రాంఫు చేరేవరకు అది సరిపోతుంది.

ఆ బాతల్, గ్రాంఫు మధ్యే నాకు టెన్షన్. అక్కడ రోడ్డంటే రాళ్లు, వాటి మీదుగా పారే మంచు నీళ్లు. తడిసిన రబ్బరు పొడి రబ్బరు కంటే సులువుగా తెగుతుంది. క్వారీలో వానాకాలం కట్లు పెరిగేది అందుకే. ఎండ ముదిరేకొద్దీ మంచు కరిగి వాగులు ఉబ్బుతాయి, నీళ్ల కింద రాయి కనిపించదు. కాబట్టి పొద్దున్నే దాటాలి. రాయి ఎదురైతే పక్కనుంచి రాసుకుంటూ పోవడం కంటే, బండి పొట్ట తగలనంత ఎత్తుంటే ట్రెడ్‌ను దాని మీదికే ఎక్కించు. ట్రెడ్ కింద ఉక్కుంది, పక్కన లేదు.

గాలి తగ్గించమని అందరూ చెబుతారు. తగ్గిస్తే టైరు రాయి మీద తడిగుడ్డ పరిచినట్టు కూర్చుంటుంది, పట్టు పెరుగుతుంది, కుదుపు తగ్గుతుంది. అయితే పక్కలు బయటికి ఉబ్బి, అవే రాళ్లకు ఎదురుగా నిలబడతాయి. మరీ తగ్గితే రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి తెగుతాయి. సామానుతో ఉన్న నీ బండికి 24, 25 పీఎస్‌ఐ దగ్గర ఆపు, 20 కిందికి పోకు. తారు రోడ్డు తగలగానే మళ్లీ నింపాలి, తక్కువ గాలితో వేగంగా పోతే పక్కలు వేడెక్కి పోతాయి. చిన్న ఎయిర్ కంప్రెసరు, గేజీ కొనుక్కో. ఇంకో సంగతి, పైకి ఎక్కేకొద్దీ బయటి గాలి పలచబడి గేజీ ఎక్కువ చూపిస్తుంది, చలికి తక్కువ చూపిస్తుంది. రెండూ కలిసి ఇంచుమించు సరిపోతాయి, ప్రతి మలుపులో ఆగి గాలి వదలక్కర్లేదు.

స్టెప్నీ కూడా అదే సైజులో, అదే రకం ఉండాలి. నాలుగు కొత్తవి వేసి వెనక తలుపుకు పాతది తగిలించడం చాలామంది చేసే పని. అయిదు కొను. తయారైన వారం, సంవత్సరం నాలుగంకెల్లో పక్కనే ఉంటాయి. చివరి రెండంకెలు చూసి, పాత సరుకైతే వెనక్కి పంపించు.

మీ అమ్మకు మనాలీ అని మాత్రమే చెప్పాను. కాజా, కుంజుమ్ సంగతి నువ్వే చెప్పు, నా వల్ల కాదు.

నాన్న