ఉండడం వేరు, అందడం వేరు

అమ్మానాన్నలకు, అవ్వాతాతలకు నమస్కారం.

కిందటి నెల ఎనిమిదో తరగతి ఇంగ్లీషు పీరియడ్‌లో వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఆ రోజు బోర్డు మీద మాట 'యాక్సెసిబుల్'. అర్థం ఏమిటని టీచర్ అడిగితే సగం క్లాసు 'అందుబాటులో ఉన్నది' అని అరిచింది. ముందు రోజు నేర్చుకున్న 'అవైలబుల్' పక్కన కూడా వాళ్ల నోటుబుక్కుల్లో అదే ఉంది. "రెండిటికీ ఒకటే అర్థమైతే రెండు మాటలెందుకు మేడం?" అని ఒక పిల్లవాడు అడిగాడు. ఆ ప్రశ్న నాకు చాలా నచ్చింది. జవాబు మన బడి ఆవరణలోనే దొరికింది కాబట్టి ఈ నెల ఉత్తరం దాని మీదే రాస్తున్నాను.

'అవైలబుల్' అంటే ఉంది, దొరుకుతుంది అని. 'యాక్సెసిబుల్' అంటే దాని దాకా నేను చేరగలను, చేరి వాడుకోగలను అని. లైబ్రరీ బీరువాలో కథల పుస్తకాలు నిండుగా ఉన్నాయి, తాళంచెవి మాత్రం ఇంకొకరి జేబులో ఉంది. అప్పుడు ఆ పుస్తకాలు అవైలబుల్, యాక్సెసిబుల్ కావు. తాళం తీసినా, బొమ్మల పుస్తకాలు పై అరలో ఉంటే మూడో తరగతి పిల్లలకు అందవు. చేతికందిన ముద్ద నోటికందలేదని మనం అనేది ఈ తేడా గురించే. నిజానికి మన 'అందుబాటు'లో కూడా 'అందడం' ఉంది. వాడివాడి మనమే దాన్ని మరిచి, 'స్టాకు ఉంది' అనే అర్థానికి దించేశాం.

ఈ మాట పుట్టింది లాటిన్‌లో, దగ్గరికి వెళ్లడం అనే అర్థమున్న క్రియ నుంచి. అందుకే మొదటి అర్థం దారికి సంబంధించినది. వేయి స్తంభాల గుడికి బస్సులో పోవచ్చు అనాలంటే 'యాక్సెసిబుల్ బై బస్'. ఎవరికి అందుతుందో చెప్పాలంటే 'టు' వాడాలి: 'యాక్సెసిబుల్ టు ఆల్'. దారే లేకపోతే 'ఇనాక్సెసిబుల్'. ఈ మాటను పిల్లలకు విడమరిచి చెప్పే పని పడలేదు. 2023 జూలైలో జంపన్న వాగు పొంగి కొండాయి ఊరు మునిగినప్పుడు అక్కడికి చేరడం ఎంత కష్టమైందో ఇంట్లో విన్న పిల్లలు మన క్లాసులో ఉన్నారు.

తర్వాత అర్థం పెరిగింది. చదవగానే బుర్రకెక్కే పాఠం యాక్సెసిబుల్. వెళ్లి మాట్లాడాలంటే భయం వేయని ఆఫీసరూ యాక్సెసిబులే. స్పెల్లింగ్‌లో రెండు సి-లు, రెండు ఎస్‌లు వస్తాయి, చివర 'ఎ-బి-ఎల్-ఇ' కాదు, 'ఐ-బి-ఎల్-ఇ'. పలికేటప్పుడు 'సె' మీద ఒత్తు పడాలి. చాలామంది పిల్లలు 'అసెసబుల్' అంటున్నారు. 'అసెస్' అంటే విలువ కట్టడం, మార్కులు వేయడం. దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఇంట్లో ఒకసారి పలికించి చూడండి.

ఇప్పుడు ఆ పిల్లవాడి ప్రశ్నకు జవాబు. మన బడిలో ఒక అమ్మాయి చక్రాల కుర్చీలో వస్తుంది. వాళ్లమ్మ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేరెంట్స్ మీటింగ్‌లో ఆమె మార్కుల గురించి ఏమీ అడగలేదు. సంచిలోంచి నీళ్ల సీసా తీసి టేబుల్ మీద పెట్టింది. "పొద్దున ఎట్ల నింపి పంపిస్తనో సాయంత్రం అట్లనే వాపసొస్తుంది మేడం" అన్నది. సీసా మెడ దాకా నీళ్లున్నాయి. ఆ బిడ్డ రోజంతా గొంతు తడుపుకోవడం లేదు, ఎందుకంటే నీళ్లు తాగితే బాత్రూంకు పోవాలి. బాత్రూం ముందు మెట్టు ఉంది, తలుపు 2 అడుగులే, కుర్చీ పట్టదు. మన బడిలో బాత్రూం అవైలబుల్. ఆ అమ్మాయికి యాక్సెసిబుల్ కాదు. ఇన్నేళ్లుగా రోజూ ఆ తలుపు ముందు నుంచే నడిచాను, నాకు కనబడలేదు. అది నా తప్పు.

మర్నాడు ఎనిమిదో తరగతి పిల్లలకు టేపు ఇచ్చి ర్యాంపు కొలవమన్నాను. వరండా ఎత్తు 1.5 అడుగులు, ర్యాంపు పొడవు 6 అడుగులు. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలన్నది ర్యాంపులకు పాటించే లెక్క. అంటే మనకు 18 అడుగులు కావాలి. ఉన్నది అందులో మూడో వంతు. ఇద్దరు పిల్లలు వెనక నుంచి తోస్తే తప్ప కుర్చీ ఎక్కకపోవడానికి కారణం అదే. ర్యాంపు ఉందా అని అడిగే ఫారాల్లో 'ఉంది' అని నేనే రాసి సంతకం పెట్టాను.

బడులకు ఇది ఎవరో దయతో చేసే పని కాదు. అడ్డంకులు లేని దారి ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. బడి భవనం, ఆవరణ, సౌకర్యాలు అన్నీ దివ్యాంగులకు అందేలా ఉండాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది.

ఇంకొక సంగతి. పోయిన నెల పరీక్షల సర్క్యులర్ పట్టుకుని ఒక అవ్వ ఆఫీసు ముందు నిలబడింది. "ఇండ్ల ఏం రాసిండ్రో జర సదివి చెప్పుండ్రి" అని అడిగింది. మనవడికి అమ్మానాన్న ఊళ్లో లేరు, ఇంట్లో చూసుకునేది ఆమే. మనం పంపింది ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో. కాగితం ఇంటికి చేరింది, కబురు చేరలేదు. అందుకే ఈ నెల నుంచి వార్తాలేఖ, సర్క్యులర్లు అన్నీ తెలుగులో, పెద్ద అక్షరాల్లో వస్తాయి. చదవలేని వారి కోసం తెలుగు టీచర్ వాటిని చదివి వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడతారు. ఫోన్ లేనివారు సాయంత్రం బడి విడిచాక నా దగ్గరికి రండి, నేనే చదివి చెప్తాను. చెప్పులు బయట విడవాల్సిన పని లేదు, లోపలికి వచ్చి కూర్చోండి.

బాత్రూం పని ముందు మొదలవుతుంది: మెట్టు తీసేసి, తలుపు 3 అడుగులకు పెంచి, లోపల పట్టుకోవడానికి కడ్డీ పెట్టిస్తున్నాం. అది పూర్తయ్యేదాకా స్టాఫ్ బాత్రూం ఆ అమ్మాయిదే, అక్కడ మెట్టు లేదు. ర్యాంపు డిసెంబర్ 3 లోపు అవ్వాలని మా పట్టుదల. ఆ రోజు అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం. 18 అడుగులు నేరుగా పోతే వేపచెట్టు అడ్డం వస్తుంది, మలుపు తిప్పాలి. మీలో తాపీ పని చేసేవాళ్లు ఉన్నారని నాకు తెలుసు. ఈ శనివారం మధ్యాహ్నం ఒకసారి వచ్చి చూసి, మలుపు ఎక్కడ పెడితే బాగుంటుందో చెప్పండి. టేపు ఎనిమిదో తరగతి పిల్లల దగ్గర ఉంది.

మీ
ప్రధానోపాధ్యాయురాలు
హన్మకొండ