చెల్లికి, బృందగానం గురించి

కార్డిఫ్, ఆదివారం

చెల్లీ, ఆశీస్సులు.

ఉగాదికి పర్లాకిమిడిలో పాతికమందితో పాడించే పని నెత్తినేసుకున్నావని అమ్మ చెప్పింది. "ఒక్కరికీ గొంతు లేదన్నయ్యా" అని నువ్వు రాసిన మాట మాత్రం ఒప్పుకోను. తప్పు చాలాసార్లు గొంతులో ఉండదు. ఎత్తుకున్న శ్రుతిలోనో, నిలబెట్టిన తీరులోనో, చేతిలో కాగితంలోనో ఉంటుంది.

నీకు అలవాటైన శ్రుతిలో ఎత్తుకోకు. పాశ్చాత్య స్వరాల పేర్లలో చెప్తే, సాధన లేని మగవాళ్ళకి సుఖంగా పలికేది కింది ఎ (A) నుంచి, ఒక స్థాయి (స నుంచి పై స దాకా ఉండే దూరం) దాటి పైనున్న డి (D) దాకా. ఆడవాళ్ళకీ పిల్లలకీ అదే ఒక స్థాయి పైన. పాట మంద్ర పంచమం (కింది ప) నుంచి తార షడ్జం (పై స) వరకు తిరిగితే రెండు శ్రుతి, అంటే డి పెట్టు. షడ్జం కిందికి దిగకుండా తార మధ్యమం (పై మ) అందుకునే పాటకి ఆరు శ్రుతి, అంటే ఎ. గొంతు మారుతున్న అబ్బాయిల్ని పైకి లాగకు, అందినంతే పాడనీ.

సగం పాటకి శ్రుతి కిందికి జారుతుంది చూడు, అవరోహణలో, అంటే స్వరాలు దిగేటప్పుడు, అడుగు కాస్త పెద్దగా వేస్తారు, ఒకే స్వరం నాలుగుసార్లు వస్తే నాలుగోది వాలిపోతుంది, చరణం చివర ఊపిరి చాలదు. పొడుగు చరణంలో పక్కపక్కవాళ్ళు ఒకేచోట ఊపిరి తీయకూడదని ముందే పంచిపెట్టు. అయినా జారితే అర శ్రుతి పెంచి చూడు, విచిత్రంగా నిలబడుతుంది.

లయ సాగడానికి కారణం వేరు. ధ్వని సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది. 10 మీటర్ల అవతలి పాట మన చెవికి చేరేసరికి సెకనులో 34వ వంతు గడిచిపోతుంది. వీళ్ళు వాళ్ళకోసం, వాళ్ళు వీళ్ళకోసం ఆగుతూ పోతే పాట ఈడ్చుకుంటుంది. ఒకే పొడుగు వరుస వద్దు. అర్ధచంద్రాకారంలో రెండు మూడు వరుసలు పెట్టి, చెవిని కాకుండా నీ చేతిని నమ్మమను. గట్టి గొంతులు వెనక వరుసలో, ఒకేచోట గుంపుగా కాకుండా. అమ్మ కూడా వెనకే (నేనన్నానని చెప్పకు). తడబడేవాళ్ళకి రెండు పక్కలా పాట వచ్చినవాళ్ళుండాలి.

నేర్పేటప్పుడు రెండేసి పాదాలు నువ్వు పాడి ఆపు, తరవాత వాళ్ళని పాడనిచ్చి నోరు మూసుకుని విను. వాళ్ళతో కలిపి పాడితే నీ గొంతే నీకు వినిపిస్తుంది, తప్పులు వినిపించవు. మన మాటలు చాలావరకు అచ్చులతో ముగుస్తాయి కాబట్టి పాదం చివర ఒకరు ముందాపుతారు, ఒకరు లాగుతారు. ఎన్నో అక్షరం మీద ఆపాలో చెప్పి, చేత్తో సైగ చేసి ఆపు.

అసలు చిక్కు కాగితం దగ్గర. పర్లాకిమిడి ఒడిశాలో కదా, పెద్దవాళ్ళు తెలుగు చదువుతారు, ఒడియా బడిలో చదివిన పిల్లలకి ఒడియా లిపిలో రాసివ్వక తప్పదు. ఆ లిపిలో ఎ, ఏలకి ఒకటే అక్షరం. ఒ, ఓలకీ అంతే. "మెడ" కాస్తా "మేడ" అవుతుంది, "కొమ్మ"ని "కోమ్మ" అంటారు. పిల్లలకి పలకడం రాదనుకుంటాం గాని వాళ్ళు చదివింది సరిగ్గానే చదివారు. పైగా ఆ దీర్ఘం తాళాన్నీ తప్పిస్తుంది. ఎ, ఒ హ్రస్వంగా ఉన్న ప్రతిచోటా అక్షరం మీద ఎర్ర పెన్నుతో చుక్క పెట్టు, చుక్కుంటే పొట్టిగా అనాలని మొదటిరోజే చెప్పు.

ఒడియాలో రాసిన కాగితం ఫోటో తీసి పంపు. చుక్కలు పెట్టి బుధవారానికల్లా తిరిగి పంపుతాను.

అన్నయ్య