టాన్సిల్స్ తీసిన బిడ్డకు సగం మాత్ర వద్దు

సంపాదకులకు,

వేసవి సెలవుల్లోనే పిల్లల టాన్సిల్స్ తీయించేయాలని తల్లిదండ్రులు చూస్తారు. గుంటూరు కొత్తపేటలోనైనా, విజయవాడ సూర్యారావుపేటలోనైనా ఆపరేషన్ సాఫీగానే అవుతుంది. చిక్కంతా ఇంటికి పంపేటప్పుడు చేతిలో పెట్టే చీటీలో ఉంది. ‘పారాసిటమాల్ సిరప్ 5 ఎం.ఎల్., ఎస్‌ఓఎస్’ అని రాసి ఊరుకుంటే బిడ్డ బరువెంతో, ఆ సిరప్ ఎంత పవరుదో ఎవరికి తెలియాలి? ఎస్‌ఓఎస్ అంటే నొప్పి వచ్చినప్పుడు పొయ్యమని. ఈ ఆపరేషన్‌కు ఆ పద్ధతి పనికిరాదు. నొప్పి ముదిరాక బిడ్డ నోరే తెరవదు. మందు మింగదు, నీళ్లు తాగదు. గొంతు ఎండేకొద్దీ నొప్పి ఇంకా పెరుగుతుంది. పైగా తగ్గిందనుకున్న నొప్పి మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా మళ్లీ ఎక్కువవుతుంది. చెవిపోటు కూడా వస్తుంది. గొంతుకూ చెవికీ నరం ఒకటే కాబట్టి అలా వస్తుందే తప్ప చెవిలో ఏమీ ఉండదు.

సరిగ్గా అలాంటి రాత్రే నానమ్మ మోకాళ్ల నొప్పులకు తెచ్చిన మాత్రను సగానికి విరిచి తేనెలో రంగరించాలన్న ఆలోచన వస్తుంది. ఈ ఉత్తరం ఆ సగం మాత్ర గురించే. ఆ అట్ట వెనక చూడండి. చాలావాటిలో ట్రమడాల్ 37.5 మి.గ్రా., పారాసిటమాల్ 325 మి.గ్రా. కలిసి ఉంటాయి. ట్రమడాల్, కోడిన్ నల్లమందు కోవకు చెందిన మందులు. కొన్ని దగ్గు సిరప్‌లలో కోడిన్ ఉంటుంది, కాబట్టి పాత దగ్గుమందు సీసా కూడా తీయొద్దు.

కోడిన్ తనంతట తానుగా నొప్పిని పెద్దగా తగ్గించదు. లివర్‌లోని సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ దాన్ని మార్ఫిన్‌గా మారుస్తుంది. కొందరిలో పుట్టుకతోనే ఈ ఎంజైమ్ మరీ చురుకు. వాళ్లకు లెక్కప్రకారం పోసిన మోతాదే అతిమోతాదై ఊపిరి మందగిస్తుంది. మరికొందరిలో అది పనే చేయదు, నొప్పీ తగ్గదు. ట్రమడాల్‌నూ ఇదే ఎంజైమ్ ఘాటైన రూపంలోకి మారుస్తుంది. బిడ్డను చూసి ఎవరు ఏ రకమో చెప్పలేం. దీనికి తోడు టాన్సిల్స్ తీసే పిల్లల్లో చాలామంది గురక పెట్టేవాళ్లు, నిద్రలో ఊపిరి ఆగి ఆగి తీసేవాళ్లు. వాళ్లమీద ఈ మందులు కొంచెమే అయినా ఎక్కువ పనిచేస్తాయి. ఆపరేషన్ అయిన రాత్రికే ఆ గురక పోదు, గొంతు వాపు ఉంటుంది కదా. కెనడాలో 13 కిలోల రెండేళ్ల బాబు మామూలు మోతాదు కోడిన్‌తోనే ఇంట్లో చనిపోయిన ఉదంతాన్ని అక్కడి వైద్యులు 2009లో ప్రచురించారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో టాన్సిల్స్ తీసిన పిల్లలకు కోడిన్ కూడదంది. 2017లో, ఈ ఆపరేషన్ తర్వాత 18 ఏళ్ల లోపు వారికి ట్రమడాల్ కూడా కూడదంది. మన దగ్గర ఈ రెండూ షెడ్యూల్ హెచ్1 మందులు. చీటీ లేకుండా షాపులో ఇవ్వకూడదు, ఇచ్చినవాటిని రిజిస్టర్‌లో రాయాలి.

ఈ కోవ మందులన్నీ విషమని కాదు. థియేటర్లో, రికవరీ గదిలో వేలికి పల్స్ ఆక్సీమీటర్ తగిలించి, పక్కనే మనిషిని పెట్టుకుని, ఇదే కోవకు చెందిన ఫెంటానిల్‌ను మత్తు వైద్యులమైన మేమే ఇస్తాం. ఇంట్లో అర్ధరాత్రి ఆ కాపలా ఎవరు కాస్తారు?

మరి నొప్పికి ఏం ఇవ్వాలి? పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ చాలు. మొదటి ఐదారు రోజులు గడియారం చూసి ఇవ్వాలి. పారాసిటమాల్ కిలోకు 15 మి.గ్రా., ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లు మించకూడదు. ఐబుప్రోఫెన్ కిలోకు 10 మి.గ్రా., ఎనిమిది గంటలకోసారి. 16 కిలోల బిడ్డకు పారాసిటమాల్ 240 మి.గ్రా. కావాలి. 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉన్న సీసా అయితే 10 మి.లీ., 250 మి.గ్రా. ఉన్నదైతే 5 మి.లీ.కి కాస్త తక్కువ. సీసా మారిన సంగతి గమనించక 250ది 10 మి.లీ. పోస్తే రెట్టింపు పడినట్టే. 5 మి.లీ.లో 100 మి.గ్రా. ఉండే ఐబుప్రోఫెన్ ఇదే బిడ్డకు 8 మి.లీ. ఈ రెండూ కలిపిన సిరప్‌లు కూడా అమ్ముతున్నారు. అది పోస్తూ విడిగా పారాసిటమాల్ కూడా పోస్తే లివర్‌కు ముప్పు. వంటింటి చెంచాతో కొలవొద్దు, గీతలున్న సిరంజి వాడండి. ఆస్తమా, కిడ్నీ జబ్బు ఉన్నా, రక్తం త్వరగా గడ్డకట్టకపోయినా, బిడ్డ ఏమీ తాగకుండా వాడిపోయినా ఐబుప్రోఫెన్ ముందు డాక్టర్‌ను అడగాలి. ఆస్పిరిన్ అసలే వద్దు.

మందు పోసిన అరగంటకు తాగించండి. చల్లటి మజ్జిగ, కొబ్బరినీళ్లు, చల్లార్చిన రాగిజావ, ఐస్‌క్రీమ్ అన్నీ మంచివే. పథ్యం పేరుతో చల్లవి ఆపి కారప్పొడి అన్నం పెట్టేది మన గుంటూరు ఇళ్లలోనేనేమో!

బిడ్డ పిలిచినా లేవకపోతే, ఊపిరి మెల్లగా ఆగి ఆగి వస్తుంటే, పెదాలు నీలంగా మారితే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఏ మందు వేశారో దాచకుండా చెప్పండి. గొంతులో తెల్లపొర కనిపిస్తే అది చీము కాదు, మానుతున్న పుండు పొర. ఐదో రోజు నుంచి పదో రోజు లోపు అది ఊడుతుంది, అప్పుడే రక్తం రావచ్చు. నిద్రలో ఊరికే గుటకలు వేస్తుంటే టార్చి వేసి గొంతు చూడండి. ఎర్రటి రక్తం ఉంటే, అది ఆగిపోయినా సరే, తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. సత్తెనపల్లి, మైలవరం వంటి దూరపు ఊళ్లకు పంపే బిడ్డల చీటీలో బరువు, సిరప్ పవరు, ఎన్ని మి.లీ., ఎన్ని గంటలకు అన్న వాటితో పాటు రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరు కూడా రాసి పంపాలని తోటి వైద్యులను కోరుతున్నాను.

– ఒక మత్తు వైద్యుడు, గుంటూరు